మొదటి నుంచీ చెప్పక్కా

మా కాలేజీలో నాకు రెండు విషయాల్లో పేరుంది. ఒకటి కోపం, రెండోది తిండి. మొదటిదాన్ని గురించి పిల్లలు చెప్పుకుంటారు, రెండోదాన్ని గురించి స్టాఫ్‌రూంలో చెప్పుకుంటారు. మదనపల్లెలో ఏ సందులో ఏ బండి దగ్గర కారందోశ బాగుంటుందో, టమోటా మార్కెట్టులో లారీలు కదిలాక ఏ హోటల్లో అప్పుడే కలిపిన చిత్రాన్నం దొరుకుతుందో నన్నడిగితే చాలని మావాళ్లకు తెలుసు. అందుకే మెట్ట సేద్యం మీద మూడు రోజుల సదస్సు పెట్టుకున్నప్పుడు, వసతి ఒకరికి, బస్సులు ఒకరికి, వేదిక ఇంకొకరికి అప్పగించి, తిండి కాగితం మాత్రం మారుమాట లేకుండా నా చేతిలో పెట్టారు.

తిండి కాగితమంటే వంటలు చేయించడం కాదు. బయటి రాష్ట్రాల నుంచి నలభై మంది వస్తున్నారు. మొదటి రోజు కుప్పంలో రైలు దిగి అక్కడే సమావేశం. రెండో రోజు పుంగనూరు చుట్టుపక్కల పొలాలు. మూడో రోజు మదనపల్లెలో ముగింపు. ఈ మూడు ఊళ్లలో ఎక్కడ ఏం తింటే బాగుంటుందో ఒక పేజీలో రాసి వాళ్లకు ముందుగా పంపాలి. పరీక్ష పేపర్లు దిద్దడానికి వారం తీసుకునే నేను ఆ పేజీని ఒక్క మధ్యాహ్నంలో రాసేశాను.

కుప్పంలో స్టేషను నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక మెస్సుంది, దాని బోర్డు మీద మూడు భాషలుంటాయి, సాంబారులో మూడు రాష్ట్రాలుంటాయి అని రాశాను. పుంగనూరులో బస్టాండు వెనక ఒకామె తన ఇంటి ముందరి రేకుల పంచలో సంగటి పెడుతుంది, పన్నెండున్నరకు వెళ్లండి, రెండింటికి వెళితే కుండ కడిగే చప్పుడు వినవచ్చు అని రాశాను. మదనపల్లెలో కారందోశ తిన్నాక నీళ్లు తాగకండి, మజ్జిగ తాగండి అని కూడా రాశాను. రాస్తూ రాస్తూ నాకే ఆకలేసి లేచి వెళ్లి రెండు గుప్పిళ్లు వేయించిన శెనక్కాయలు తిన్నాను. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

కాగితం పంపిన మర్నాడు ఒక జవాబొచ్చింది. తూర్పు వైపు రాష్ట్రం నుంచి వచ్చే పరిశోధకురాలు, ముప్పై దాటని అమ్మాయి. మీ కాగితం చదివితే నోరూరింది, కానీ నాకు వేరుశనగ పడదు అని రాసింది. పడదంటే కడుపునొప్పి కాదట, గొంతు మూసుకుపోతుందట. గింజే కాదు, పొడి, నూనె, వాటిని తాకిన గరిటె కూడా ప్రమాదమేనట. పెన్ను లాంటి సూదిమందులు రెండు ఎప్పుడూ సంచిలో ఉంటాయట. మీరు రాసినవాటిలో నేను తినగలిగినవేవో గుర్తు పెట్టి పంపగలరా అని అడిగింది. వీలు కాకపోతే ఇబ్బంది లేదు, బిస్కెట్లు తెచ్చుకుంటానంది.

పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. వేరుశనగంటే మా శెనక్కాయే. కారందోశకు చట్నీ శెనక్కాయలది, కొట్టేశాను. చిత్రాన్నంలో శెనక్కాయలు, కొట్టేశాను. సంగటి పక్కన ఊరిబిండి అంటే శెనక్కాయల్నీ ఎండుమిరపకాయల్నీ కలిపి దంచిన ముద్దే. వంకాయ కూరలో పొడి, టమోటా కూరలో పొడి, బొరుగుల్లో గింజలు, అన్నింట్లోనూ గానుగ నూనె. పేజీ చివరికొచ్చేసరికి మజ్జిగ మిగిలింది.

నేను రైతు కూతుర్ని. మాది రామసముద్రం దగ్గర మెట్ట పల్లె. శెనక్కాయ పండిన ఏడు మాకు కొత్త బట్టలు, ఎండిన ఏడు పాత బట్టలు. నా చదువు శెనక్కాయ, నా పెళ్లి శెనక్కాయ. పైగా నేను చెప్పే పాఠం వృక్షశాస్త్రం. పూత నేలకు వంగి ఊడ దింపి మట్టిలో కాయ కాసే ఆ మొక్కను బోర్డు మీద గీస్తున్నప్పుడు ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఇంట్లో మనిషిని పరిచయం చేస్తున్నట్టే ఉంటుంది. అది ఒక మనిషి ప్రాణం తీయగలదని పుస్తకంలో చదివాను, నమ్మాను, మర్చిపోయాను. ఇప్పుడది నా టేబుల్ మీదికొచ్చి కూర్చుంది.

మా ఆయనకు చెప్పాను. "బిస్కెట్లు తెచ్చుకుంటానని ఆయమ్మే చెప్పింది కదా. ఊరికే నువ్వు యాల నెత్తిన పెట్టుకుంటావు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అన్నాడు. ఆయన ఆ మాట అనకుండా ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. అనేసరికి నాకు రోషం వచ్చింది. మా ఊళ్లకొచ్చిన మనిషి మూడు రోజులు బిస్కెట్లు తిని వెనక్కి పోవడమా? మీకు తగ్గట్టు ఏర్పాటు చేస్తాను, పూచీ నాది అని ఆమెకు జవాబు రాశాను.

రాత్రి పడుకున్నాక భయం మొదలైంది. చిన్నప్పుడు మా చేలో కాయలు పీకుతుండగా ఒక కూలీ మనిషిని కందిరీగలు కుట్టాయి. ముఖం ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఈల వేసినట్టు చప్పుడు. మా నాయన అతన్ని ఎద్దుల బండిలో వేసుకుని తోలాడు. బతికాడు, తర్వాత చాలా ఏళ్లు మా చేలో పని కూడా చేశాడు. కానీ అతను పక్కనుంచి వెళ్లినప్పుడల్లా నేను అతని ఊపిరి వినేదాన్ని. ఆ రాత్రి మళ్లీ విన్నాను.

మరుసటి రోజు నుంచి తిరగడం మొదలుపెట్టాను. ముందు మా మదనపల్లెలోనే, ఇరవై ఏళ్లుగా నాకు దోశలు పోస్తున్న అతని దగ్గరికి వెళ్లాను.

"నూనె ఏది వాడతావప్పా?"

"మంచి నూనేనమ్మా. గానుగది. మనం కల్తీది ముట్టం."

"శెనక్కాయలు తగలకుండా ఒక దోశ పోయగలవా?"

"చట్నీ వద్దంటారు, అంతే కదమ్మా."

"పెనానికి రుద్దేది?"

సగానికి కోసిన ఉల్లిగడ్డను నూనె గిన్నెలోంచి తీసి నాకు చూపించాడు. "ఇది. పెనానికి ఇంకేం రుద్దుతారమ్మా?" అన్నాడు. నాకేమైనా వంట్లో బాగాలేదేమోనన్నట్టు చూశాడు.

ఆ ఆదివారం బస్సెక్కి కుప్పం వెళ్లాను. మెస్సు ఓనరు నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. సాంబారులో శెనక్కాయలు వేస్తారా అని అడిగాను. "సాంబార్‌లో ఎవరైనా వేస్తారా మేడం? సుతరామూ వేయం," అన్నాడు. నిమ్మళంగా ఊపిరి పీల్చుకుని, అయినా ఒకసారి వంటగది చూస్తానన్నాను. నేను చూస్తూ ఉండగానే వంటమనిషి ఒక డబ్బా మూత తీసి గుప్పెడు పొడి సాంబారులో చల్లాడు.

"అదేంది?"

"పొడి మేడం. చిక్కదనానికి."

"దేని పొడి?"

"శెనక్కాయల పొడి," అన్నాడు, మామూలుగా.

ఓనరు అబద్ధం చెప్పలేదు. వంటమనిషి దాచలేదు. మా దగ్గర శెనక్కాయ అంటే గింజగా కనబడేది మాత్రమే. పొడి అయ్యాక, నూనె అయ్యాక అది ఉప్పులాంటిది, నీళ్లలాంటిది. పప్పులో నీళ్లు పోశారా అని ఎవరూ అడగరు, పోశామని ఎవరూ చెప్పరు. అది అర్థమయ్యాక నా మీద నాకే అనుమానం వచ్చింది. నేను కూడా ఈ ఊళ్ల మనిషినే. నా కళ్లకు కూడా అది ఎన్నిచోట్ల కనబడకుండా ఉందో నాకేం తెలుసు?

అప్పట్నుంచి అడిగే తీరు మార్చాను. ఇది వేస్తారా, అది వేస్తారా అని అడగడం మానేశాను. పొద్దున లేచినప్పటి నుంచీ మీరు ఏం చేస్తారో వరసగా చెప్పండి, పొయ్యి వెలిగించినకాడి నుంచి అని అడిగేదాన్ని. విసుక్కున్నా చెప్పేవాళ్లు. అలా చెప్పించి చెప్పించి కుప్పం మెస్సులో ఇడ్లీ ఒక్కటి బయటపడిందని తేల్చాను. వాళ్లు ప్లేటుకు నూనె రాయరు, తడిగుడ్డ పరిచి పిండి పోస్తారు. గుడ్డలు కొత్తవి వేయించాలి, సాంబారు ముట్టకూడదు, పెరుగూ చక్కెరా పక్కన పెట్టాలి. మొదటి రోజు గడిచిపోతుంది.

మూడో రోజు మదనపల్లెలోనే కాబట్టి మా ఇంట్లో కొత్త గిన్నెల్లో నేనే వండి పెట్టాలనుకున్నాను. పుంగనూరు మిగిలింది. సంగటి పెట్టే ఆమె బైరెడ్డిపల్లె వైపు పల్లె మనిషి, పుంగనూరుకు కోడలుగా వచ్చింది. అరవై దాటి ఉంటుంది. నేను చెప్పిందంతా నిలబడి విన్నది. తక్కినవాళ్ల మాదిరి నవ్వలేదు.

"మా పుట్టింట్లో ఒక కాడెద్దు ఉండె," అన్నది. "వానల్లేని ఏడు జొన్న పిలకలు మేసి, కడుపుబ్బి, మా కండ్ల ముందరే సచ్చిపోయె. దినామూ తినే జొన్నే అది. పడకపోతే తిండే ఇసమైతాదమ్మా. నాకు తెల్సు."

మూడు ఊళ్లు తిరిగితే నన్ను నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. కూర్చుని లెక్కబెట్టుకున్నాం. కొత్త కుండ, కొత్త గరిటె, పప్పుకు కొత్త గిన్నె, పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు నా కళ్ల ముందు తెరవడం, ఊరిబిండి రోలు ఆ పూట బయట పెట్టడం. కుండ నేను కొనిస్తానంటే ఒప్పుకోలేదు. "నా వంటకు కుండ నేను తెచ్చుకుంటా. ఆ మాత్రం తెల్దా నాకు," అన్నది. వరసగా చెప్పక్కా అంటే చెప్పింది. ఎసరు పెడతాను, నూకలు వేస్తాను, అది ఉడికినాక రాగిపిండి కుప్పగా పోసి మూత పెడతాను, మగ్గినాక గెలుకుతాను. గెలకడం ఎట్లాగో రెండు చేతులూ గాలిలో గుండ్రంగా తిప్పి చూపించింది. నేను ప్రతిదాని పక్కనా టిక్కు పెట్టుకున్నాను.

సదస్సు మొదలైంది. కుప్పం స్టేషనులో ఆ అమ్మాయి దిగింది. సన్నగా, కళ్లద్దాలతో, భుజాన ఎర్ర సంచి. సూదిమందు ఎక్కడుంటుందో మొదటి పది నిమిషాల్లోనే సంచి తెరిచి నాకు చూపించింది. మా మాటలన్నీ ఇంగ్లీషులో సాగాయి. మెస్సులో ఇడ్లీ తింటున్నంతసేపూ నేను ఆమె ఎదురుగా కూర్చుని ఆమె మెడనే చూస్తున్నాను. "మీరు తినండి, నేను బాగానే ఉన్నాను," అని నవ్వింది. నేను తినలేకపోయాను. నా సంగతి తెలిసిన మా సహోద్యోగి ఒకాయన నా ముందు ప్లేటు అలాగే ఉండటం చూసి జ్వరమా అని అడిగాడు.

నేను అనుమానపు మనిషినైపోయానని ఆమెకు అర్థమైంది. సాయంత్రం నడుస్తూ నా పద్ధతి గురించి అడిగింది. పొద్దున లేచినప్పటి నుంచీ చెప్పమంటానని, మధ్యలో ఆపకుండా వింటానని చెప్పాను. "ఇది నాకు ఇన్నేళ్లుగా తట్టలేదు. నేను ఇందులో ఫలానాది ఉందా అనే అడుగుతూ వచ్చాను," అన్నది. ఆ మెప్పు నా తలకెక్కింది. మొదటి రోజు బాగా గడిచింది, మనిషి మెచ్చుకుంది, నేను తెలివైనదాన్నే అనుకున్నాను. భయం సగం తగ్గింది. తగ్గనివ్వకుండా ఉండాల్సింది.

రెండో రోజు పొద్దుటంతా పొలాలు, నడుమెత్తు పుంగనూరు ఆవులు, ఫోటోలు. పన్నెండున్నరకు రేకుల పంచలో కూర్చున్నాం. తక్కినవాళ్లకు ఒక పక్క, ఆ అమ్మాయికి దూరంగా ఇంకో పక్క విడిగా విస్తరి. సంగటి ఆమె కొత్త కుండను కొత్త గుడ్డతో పట్టుకుని తెచ్చింది. కొత్త గరిటెతో ముద్ద పెట్టింది. పక్కన ఆకుకూర పప్పు, రాగానే నా కళ్ల ముందు విప్పించిన ప్యాకెట్టు నూనెతో తాలింపు. అంతా టిక్కులు పెట్టుకున్నట్టే ఉంది.

ఆ అమ్మాయి ముద్ద తుంచుకోకుండా నావైపు చూసింది. "తినవచ్చా?"

"తినండి," అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

ఆమె తుంచి, పప్పులో అద్దుకుని, మా ఊళ్లో తిన్నట్టే నమలకుండా మింగింది. ఎవరో నేర్పినట్టున్నారు. సంగటి ఆమె సంతోషంగా ఇంకొంచెం పప్పు పోసింది. నేను కుండ వైపు చూశాను. కుండ అంచు మెరుస్తోంది. కొత్త కుండ పొడిగా, ఎర్రగా, దుమ్ము పట్టినట్టుంటుంది. కొత్త కుండ మెరవదు.

"అక్కా, కుండ కొత్తదేనా?"

"కొత్తదేనమ్మా. మొన్న కొనుక్కొస్తి. గంజి పోసి ఉడకబెట్టి, గానుగ నూనె పూసి, రెండు దినాలు ఎండకు పెట్టినా."

"నూనె యాల పూసినావక్కా?"

"పూయకుంటే పగలదా?" అన్నది. అప్పుడే ఆమె ముఖం మారిపోయింది. ఆమె నోట్లోంచి వచ్చిన మాట ఆమెకే అప్పుడు వినిపించింది.

నేను తిరిగేలోపు ఆ అమ్మాయి రెండో ముద్ద మింగేసింది. చెయ్యి విస్తరి మీద ఆగింది. నాలుకతో పెదవులు తడుముకుంటోంది. తర్వాత చెయ్యి గొంతు దగ్గరికి వెళ్లింది. ఎర్ర సంచి చూపించింది. నేను సంచి లాగి, బోర్లించి, పుస్తకాలు, కాగితాలు, ఫోను కింద పోశాను. ముందు రోజు ఆమె చూపించిన అర కళ్ల ముందే ఉంది, నా వేళ్లకు దొరకలేదు. ఆమే చెయ్యి పెట్టి సూదిమందు తీసి, మూత పీకి, తొడ మీద పెట్టుకుంది. కాలు వణుకుతోంది. సంగటి ఆమె వంగి, ఆ అమ్మాయి మోకాలు కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది. సూది దిగింది.

అప్పుడు విన్నాను ఆ చప్పుడు. ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఈల.

సదస్సు కారులో ఆసుపత్రికి పది నిమిషాలు. వెనక సీట్లో ఆమె తల పట్టుకుని కూర్చున్నాను. పెదవులు ఉబ్బాయి, కళ్లద్దాల కింద బుగ్గలు ఎర్రబడ్డాయి. నేను చదువుకున్నదాన్ని, పాఠాలు చెప్పేదాన్ని. దారి పొడవునా ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కాను. ఇదే నూనె తాగి పెరిగాను, నా పాపం ఈ పిల్లకు తగలనివ్వొద్దని మొక్కాను. మధ్యలో ఈల ఆగినట్టనిపించింది. ఆగితే మంచిదో చెడ్డదో తెలియక చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను. డ్రైవరు అద్దంలో నన్ను చూసి హారను మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఆసుపత్రిలో రెండో సూది వేశారు, ఆక్సిజను పెట్టారు, సెలైను ఎక్కించారు. నన్ను బయట బల్ల మీద కూర్చోమన్నారు. వాళ్ల అమ్మకు ఫోను చేయాలి. ఏమని చెప్పాలి? మీ అమ్మాయి బిస్కెట్లు తెచ్చుకుంటానంటే నేనే వద్దన్నాను అనా? డాక్టరు ఏం చెబుతాడో విన్నాకే చేద్దామని ఫోను ఒళ్లో పెట్టుకున్నాను. నాలో నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. ఆమె మీద ప్రేమతో కాదు, మా ఊళ్ల తిండి గొప్పదని చూపించుకోవాలని నేను ఇదంతా చేశాను. మా ఆయన సామెత గుర్తొచ్చింది. అడుసు నేను తొక్కాను, కాలు ఆమెది.

మూడు గంటలకు డాక్టరు బయటికొచ్చి, గండం గడిచింది, కానీ మళ్లీ తిరగబెట్టవచ్చు, రేపటిదాకా ఇక్కడే ఉండాలన్నాడు. నేను లోపలికి వెళ్లాను. ముఖం వాపు తీస్తోంది. గొంతు బొంగురుపోయింది. "పప్పు బాగుంది," అన్నది. నవ్వించాలని అన్నది. నేను ఏడ్చాను. ఆమె సెలైను లేని చేత్తో నా మణికట్టు పట్టుకుని, నూనె పూయాలని నాకెలా తెలుస్తుంది, మీకెలా తెలుస్తుంది అన్నది. నాకు తెలుసు. మా అమ్మ కొత్త కుండకు నూనె పూయడం నేను చిన్నప్పుడు వంద సార్లు చూశాను. తెలిసీ టిక్కు పెట్టాను. ఆ మాట ఆమెకు చెప్పాను. ఆమె నా చెయ్యి వదలలేదు.

ఐదు గంటలప్పుడు వార్డు తలుపు దగ్గర సంగటి ఆమె నిలబడి ఉంది. తలస్నానం చేసి చీర మార్చుకుంది. చేతిలో స్టీలు క్యారియరు. గడప దాటలేదు.

"ఎట్లుండాదమ్మా?"

"పర్వాలేదక్కా. రా లోపలికి."

"నేను రాను. నా ఒంటి మీద ఏముండాదో." అక్కడే నిలబడి క్యారియరు ముందుకు చాపింది. "పాపం, పొద్దున్నించీ బిడ్డ కడుపులో ఏమీ లేదు. మళ్లా చేసుకొచ్చినా. స్టీలు గిన్నె కొత్తది కొన్యా. మూడు తూర్లు సీకాయతో కడిగినా. నూనె సుక్క తగలనీలా. పప్పు కూడా లేదు, ఉత్త సంగటీ, ఆవు మజ్జిగ."

గుమ్మంలో ఎవరని కళ్లద్దాలు పెట్టుకుంటూ ఆ అమ్మాయి అడిగింది, చెప్పాను. ఏం తెచ్చిందో చెప్పాను. ఆమె క్యారియరు వైపు చూసి, తర్వాత నావైపు చూసింది. మధ్యాహ్నం చూసినట్టే. తిను అనాలో వద్దు అనాలో నేను చెప్పాలి. వద్దంటే గుమ్మంలో నిలబడ్డ మనిషి ఏమైపోతుందో అని భయం. తిను అనడానికి నాకిక అర్హత లేదు.

"మీ పద్ధతిలో అడగండి," అన్నది ఆ అమ్మాయి. "మొదటి నుంచీ చెప్పమనండి."

"మొదటి నుంచీ చెప్పక్కా," అన్నాను. "ఇందాక ఇంటికి పోయినప్పట్నుంచీ."

ఆమె క్యారియరును రెండు చేతులతో పట్టుకుని, పాఠం అప్పజెప్పే పిల్ల మాదిరి చెప్పసాగింది. నేను ఒక్కో మాటా ఇంగ్లీషులో చెబుతున్నాను. ఇంటికి పోయి తలకు పోసుకుంటి. చీర మార్చుకుంటి. అంగట్లో గిన్నె కొంటి. సీకాయతో తోమితి. కొళాయి నీళ్లు పట్టితి, కడవలోవి ముట్టలేదు. నూకలు కొత్త చేటలో చెరిగితి. ఎసరు మరిగినాక నూకలు పోస్తి. ఉడికినాక పిండి పోసి మూత పెడితి. కొత్త మూతే. మగ్గినాక దించి, గిన్నెను కాళ్ల మధ్యన పట్టుకోని కట్టెతో గెలికితి.

నేను గెలకడం దాకా ఇంగ్లీషులో చెప్పి తర్వాతి మాట కోసం చూశాను. రాలేదు.

ఆమె నన్ను చూడటం లేదు. కుడి చేతిని చూసుకుంటోంది. ఆ అరచేతిని మెల్లగా ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది.

"కట్టె," అన్నది. "మా అత్త కట్టె. దినామూ దానికి నూనె పూసి గోడకు ఆనిస్తా. మద్యానమూ దాంతోనే గెలికినా."

ఆ రోజు పంచలో ఆమె రెండు చేతులూ గాలిలో తిప్పి చూపించింది. ఆ చేతుల్లో కట్టె లేదు కాబట్టి నాకు కట్టె కనబడలేదు. కొత్త కుండ, కొత్త గరిటె, కొత్త గిన్నె అని రాసుకున్న కాగితంలో అది లేదు. ఇప్పుడు కూడా, ఇంత జరిగాక కూడా, నేను దాన్ని మామూలుగా అనువదించి దాటి వెళ్లిపోబోయాను.

"ఏమంటున్నారు?" అని మంచం మీద నుంచి అడిగింది ఆ అమ్మాయి.

నేను చెప్పేలోపే సంగటి ఆమె చాపిన క్యారియరును వెనక్కి లాక్కుంది. గడప బయట, వరండాలో నేల మీద కూలబడింది. క్యారియరును ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా తెరుస్తారేమోనన్నట్టు మూత మీద అరచెయ్యి ఒత్తి పట్టుకుంది.

"తినొద్దు తల్లీ," అన్నది. "నా చేతిది నువ్వు తినొద్దు."

ఆ మాటకు అనువాదం అక్కర్లేకపోయింది.